ఫొటో సౌజన్యం: ఆర్కుట్

అమీర్‌పేట,
15 జూన్ 2008, ఆదివారం.

ప్రియమైన విజయేందర్‌కు,

నీ దోస్తు సాబిర్ సలాం. కనకయ్య పెద్దనాయనకు, రాజమ్మ పెద్దమ్మకు నా దండాలు. నాగేశ్వరి చెల్లెను అడిగానని చెప్పు. ఇక్కడ నేను, అన్వరీ, మా అల్ఫియా అల్లా దయవల్ల బాగానే ఉన్నాం. దీని తర్వాత 'ఉభయ కుశలోపరి' అని రాయాలి. ఆ మాట లేకపోతే రాజనర్సయ్య సార్ తెలుగు పరీక్షలో రెండు మార్కులు కోసేవారు, నీకు గుర్తుండే ఉంటుంది. నా పేపర్లో చూసి రాసి కూడా నువ్వు ఆ రెండు మార్కులూ పోగొట్టుకునేవాడివి. కానీ మీ ఇంట్లో ఏడు నెలలుగా కుశలం లేదని తెలిసి ఆ మాట ఎలా రాయను? సార్ ఉంటే ఈసారికి మాఫీ చేసేవారు.

అమీర్‌పేట నుంచి బల్కంపేటకు ఉత్తరమేమిటి, నడిస్తే పావుగంట కూడా పట్టదు, వీడిని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకుపోవాలేమో అని నవ్వుకుంటావు. నవ్వుకో. నువ్వు నవ్వి చాలా రోజులైంది. ఎదురుగా కూర్చుంటే నా నోరు పెగలడం లేదు విజయేందర్. నిన్న చూశావుగా.

నిన్న నువ్వు స్టూడియోకు వచ్చేసరికి ముగ్గురు ఇంజనీర్లు వరుసలో ఉన్నారు. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సు అయిపోగానే బయోడేటాకు ఫొటో కావాలని మా గల్లీలోకి వస్తారు. మా దగ్గర ఉన్నది ఒకటే కోటు. సన్నగా ఉన్నవాడికి వెనకాల బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తాను, లావుగా ఉన్నవాడికి గుండీ పెట్టకుండా చేతులు కట్టుకోమంటాను. ఆ ఒక్క కోటు తొడుక్కుని ఎంతమంది ఉద్యోగాలకు వెళ్లారో లెక్కే లేదు. మామూలుగా అయితే నువ్వు ఆ క్లిప్పుల మీద ఏదో ఒక జోకు వేసేవాడివి. నిన్న గుమ్మం దగ్గరే ఆగిపోయావు. రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, ఆ ముగ్గురూ వెళ్లేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డావు. నీ మొఖం వాళ్లు చూడకూడదని.

వాళ్లు వెళ్లాక చెప్పావు. కొత్త విమానాశ్రయానికి టాక్సీలు నడిపే ఆఫీసులో మేనేజర్ నీ లైసెన్సు చూశాడు, బండి నడిపించి చూశాడు, అంతా బాగుందన్నాడు. తర్వాత సొరుగులోంచి ఆ పేపర్ కటింగ్ తీశాడు. ఇది బోనాల ఫొటో అని నువ్వు చెబితే, అలాగైతే శుక్రవారంలోగా రుజువు పట్టుకురమ్మన్నాడు. లేకపోతే ఆ బండి ఇంకొకరికి. 'జర మల్లొక్కసారి జూడు భాయ్, యాడనన్న దొరుకుతదేమో' అని అడిగావు. అసలు ఫొటో ఉన్న కంప్యూటర్ డిస్కు కాలిపోయిందని నవంబర్లో చెప్పిన మాటే నేను మళ్లీ చెప్పాను. నువ్వు కోప్పడలేదు. 'నువ్వేం జేస్తవ్ లే, నా ఫికర్ వెట్టుకోకు' అని నా భుజం తట్టి మెట్లు దిగావు. నాలుగు తిట్లు తిట్టి పోయినా బాగుండేది.

ఆ ఫొటో సంగతి మొదటినుంచీ రాస్తాను. కొన్ని నీకు తెలిసినవే, అయినా వరుసలో చెబితే గానీ నాకు ధైర్యం చాలదు.

పోయిన ఆషాఢానికి ముందు అల్ఫియాను గల్లీ కుక్క తరిమింది. కరవలేదు గానీ పిల్లకు జడుపు పట్టుకుంది. గడప దాటేది కాదు. డాక్టరు మందు రాశాడు, మా ఖాలా తాయెత్తు కట్టింది, ఏదీ పనిచేయలేదు. అప్పుడు రాజమ్మ పెద్దమ్మ అన్వరీతో, 'బోనాలనాడు తోల్కరా బిడ్డా, పోతరాజు కొరడా మోపిచ్చుకుంటె జడుపు పోతది. గా పోతరాజు సుత మనోడేనాయె' అంది. అన్వరీ రెండు రోజులు ఆలోచించింది. ఎవరేమంటారో అన్నది ఒక పక్క, పిల్ల ఒక పక్క. చివరికి పిల్లే గెలిచింది.

ఆ రోజు నిన్ను చూస్తే నాకే ఒళ్లు జలదరించింది. కనకయ్య పెద్దనాయన మోకాళ్లు మొరాయించాక కొరడా నీ చేతికి వచ్చి అది మూడో ఏడు. ఒళ్లంతా పసుపు, నొసట కుంకుమ, కళ్లకు కాటుక, నడుముకు వేపరొట్ట, కాళ్లకు గజ్జెలు. డప్పుల మధ్య ఆడుతూ వచ్చి అల్ఫియా ముందు ఆగావు. కళ్లు పెద్దవి చేసి, పళ్లు బిగబట్టి, చేయి పైకెత్తావు. నేను బటన్ నొక్కింది అప్పుడే. ఆ తర్వాత కొరడా కొస దాని భుజానికి మెత్తగా తగిలింది, అది కిలకిలా నవ్వింది. సాయంత్రానికి ఒక్కతే వెళ్లి కిరాణా కొట్లో బిస్కెట్లు కొనుక్కొచ్చింది. నమ్మకమో, ధైర్యమో, ఏమో. నా బిడ్డ గడప దాటింది నీ చేతి చలవతో. ఈ మాట నీకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఫొటోను ఆర్కుట్‌లో పెట్టింది నేనే. మైత్రీవనంలోని ఇంటర్నెట్ సెంటర్లో నీ పేరున ఖాతా తెరిచిందీ నేనే, పాస్‌వర్డ్ పెట్టిందీ నేనే. 'నాకెందుకు భాయ్ గవన్ని' అని నువ్వు అంటూనే ఉన్నావు. ఫొటో కింద మీ గల్లీ బుచ్చయ్య తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కూర్చి, 'నువ్వు కండ్లెర్రజేస్తె గల్లి గల్లంత వణికింది అన్నా' అని రాశాడు. పండగనాడు పోతరాజుకు అంతకన్నా పొగడ్త ఏముంటుంది? నువ్వు మురిసిపోయి నాగేశ్వరి చెల్లెను తీసుకొచ్చి మరీ చూపించావు.

ఇక నవంబరు. నీ క్యాబ్‌లో రోజూ ఆఫీసునుంచి వచ్చే వసుమతి అనే అమ్మాయి ఆ సాయంత్రం పంజాగుట్టలో హాస్టల్ వెనక సందులో తలకు దెబ్బ తగిలి, తెలివి లేకుండా దొరికింది. చేతిసంచి లేదు. చివరిసారి ఆమె దిగింది నీ బండిలోంచే. పోలీసులు నిన్ను తీసుకెళ్లింది అడగడానికే. కేసు రాయలేదు, అరెస్టు చేయలేదు. కానీ తెల్లవారి పేపర్లో నగరం పేజీలో నీ మొఖం అరచేయంత వచ్చింది. కళ్లు ఉరుముతూ, పళ్లు కొరుకుతూ, ఎవరినో కొట్టబోతున్నట్టు ఎత్తిన చేయి. అందులో అల్ఫియా లేదు, డప్పులు లేవు, వేపరొట్ట లేదు, కొరడా లేదు. ఆ పేజీ నలుపు తెలుపు కదా, పసుపు బూడిదరంగుకు తిరిగింది, నొసటి కుంకుమ నెత్తురు కారినట్టు నల్లగా పడింది. పైన పెద్ద అక్షరాల్లో 'అతడు కన్నెర్రజేస్తే గల్లీ వణికేది' అని హెడ్డింగు. బుచ్చయ్య మాటే, కానీ అందులోంచి పండగను తీసేశారు. ఫొటో కింద మూలన చీమంత అక్షరాలు: ఫొటో సౌజన్యం, ఆర్కుట్.

బోనాలు ఎరగని ఊరు కాదు ఇది. అయినా ఒక్కరూ గుర్తుపట్టలేదు. పెద్దమ్మ ఆ పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చి, 'నా కొడుకు మొఖం నాకే గుర్తువట్టరాలే బిడ్డా' అని అన్వరీ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. పెద్దనాయన ఏడవలేదు. 'ఒంటి మీది పసుపు నీళ్లు వోస్తె పోతది, పేపర్ల వడ్డది ఏం వోసి కడగాలె' అన్నాడు.

నాలుగో రోజు వసుమతికి తెలివి వచ్చింది. డ్రైవరన్న రోజూలాగే తాను రోడ్డు దాటేదాకా బండి ఆపుకుని చూశాడని, అతడు వెళ్లిపోయాక మోటారుసైకిల్ మీద ఎవడో వచ్చి సంచి లాగితే రాయి మీద పడ్డానని చెప్పింది. నిన్ను వదిలేశారు. పేపర్లో మూడు లైన్లు వేశారు, లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన. నీ ఫొటో వేయలేదు. మొదటిరోజు ఫొటోను మాత్రం ఎవరో స్కాన్ చేసి, మీ క్యాబ్ నడిపేది ఎవరో చూసుకోండి అంటూ కంపెనీలన్నింటికీ మెయిల్ పంపారు. ఒకరినుంచి ఒకరికి అది నేటికీ తిరుగుతూనే ఉంది. కాంట్రాక్టరు నీ బండి తీసేశాడు. తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆ కటింగ్ నీకన్నా ముందే అక్కడికి చేరుతోంది.

పేపరు వచ్చిన పొద్దున్నే నేను నీ ఆర్కుట్ ఖాతా మొత్తం తీసేశాను. నీ మేలు కోరి చేశానని నువ్వు అందరికీ చెప్పుకున్నావు. జనవరిలో, స్టూడియో నడుపుతూనే నేను విడిగా ఫొటోలు తీసిచ్చే అదే పత్రికలో నాకు పర్మనెంటు ఉద్యోగం వచ్చినప్పుడు, పని లేక ఇంట్లో కూర్చున్న నువ్వే అందరికన్నా ముందు మిఠాయి డబ్బా పట్టుకొచ్చావు.

ఆ వార్త రాసిన మా క్రైమ్ రిపోర్టరు హనుమత్‌ప్రసాద్ గారితో నేను గొడవపడ్డాను. గొడవ అంటే గొడవ కాదు, ఆయన పెద్దవాడు, నేను కెమెరా పట్టుకుని ఆయన స్కూటర్ మీద వెనక కూర్చునేవాణ్ణి. 'అదేంటి సాబిర్, ఊరందరికీ కనబడేలా అతనే పెట్టుకున్నాడు కదా, మనమేం గోడ దూకి తెచ్చామా' అన్నారు. మేడ మీద దండెం కట్టి ఆరేసిన బట్టలూ అందరికీ కనబడతాయి, అంతమాత్రాన దారిన పోయేవాడు తీసుకుని తొడుక్కోవచ్చా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. దోస్తుల కోసం పెట్టుకున్న ఫొటో దోస్తుల కోసమే. దోస్తులు రాసిన మాటకు దోస్తీలోనే అర్థం. దాన్ని అక్కడినుంచి పీకి తెచ్చి పోలీసు వార్త పక్కన పెడితే, అక్షరం మార్చకపోయినా అది అబద్ధమే అవుతుంది. పెట్టే ముందు ఒక్క ఫోను, బుచ్చయ్యకో మీ ఇంటికో, ఇది ఎప్పటిది, ఎందుకు తీసింది అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. పేజీ వెళ్లడానికి ఇరవై నిమిషాలే ఉన్నాయన్నది ఆయన జవాబు. ఇరవై నిమిషాలు కలిసొచ్చాయి ఆయనకు, ఏడు నెలలు పోయాయి నీకు.

సరే, అసలు విషయం. ఫొటో దొరికింది. ఈ ఉత్తరంతో పాటు ఖాకీ కవరు ఉంది చూడు, అందులో పెద్ద సైజులో, రంగుల్లో, ఒక్క అంచు కూడా కోయకుండా ప్రింటు వేసి పెట్టాను. అంచున గుడి తోరణం, వెనక డప్పులవాళ్లు, పెద్దమ్మ నెత్తిన బోనం, అన్నీ ఉన్నాయి. శుక్రవారం దాకా ఆగకు, రేపే తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద పెట్టు. రుమాలు ఇంట్లో వదిలేసి వెళ్లు.

కొరడా ఈ ఏడు ఇంకొకరికి ఇచ్చేద్దామని పెద్దనాయన అంటున్నట్టు నాగేశ్వరి చెల్లె అన్వరీతో చెప్పిందట. తొందరపడవద్దని నా మాటగా చెప్పు. నా మాట చెల్లుతుందో లేదో నీకే వదిలేస్తున్నాను.

ఇట్లు,
నీ పక్క బెంచీ
సాబిర్

తా.క. సంతకం పెట్టాక ఉత్తరం మొదటినుంచి మళ్లీ చదివాను. తప్పంతా హనుమత్‌ప్రసాద్ గారి నెత్తిన పెట్టి నేను చేతులు దులుపుకున్నాను. పంపితే ఇది ఇంకో కటింగ్ అవుతుంది. అందుకని మిగతాది కూడా రాస్తున్నాను.

డిస్కు కాలిపోలేదు. అప్పుడూ ఇప్పుడూ బాగానే ఉంది.

ఆర్కుట్‌లో నేను పెట్టింది తపాలాబిళ్లంత ఫొటో. దాన్ని పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా పడుతుంది, మనిషో గోడో తెలియదు. పేపర్లో వచ్చిన దాంట్లో నీ కనుబొమ్మల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. ఈ తేడా ఏమిటని ఏడు నెలల్లో నువ్వు అడగలేదు. నామీద అనుమానం నీకు రానే లేదు. అసలు ఫొటో పంపింది నేను. హనుమత్‌ప్రసాద్ గారు ఆ సాయంత్రం ఆర్కుట్‌లో ఫొటో చూసి నాకు ఫోన్ చేసి, వెనక ఉన్నది మీ బల్కంపేట గుడి తోరణం కదా, ఇది నువ్వు తీసిందేనా, అసలుది ఉందా అన్నారు. కొత్త సంవత్సరంలో నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను అని కూడా అన్నారు. నీ మీద నమ్మకం లేక కాదు అని రాయబోయి ఆగాను, అదీ అబద్ధమే. పోలీసులు ఊరికే తీసుకుపోతారా అని ఒక నిమిషం అనుకున్నాను. నా చేయి ఆడటానికి ఆ నిమిషం చాలింది.

కత్తిరించింది కూడా నేనే. ముందు అల్ఫియాను తీసేశాను. క్రైమ్ పేజీలో నా బిడ్డ మొఖం పడితే రేపు బడిలో ఎవరేమంటారో అని భయపడ్డాను. ఆమెను తీస్తే కొరడా పోయింది, పెద్దమ్మ పోయింది, పండగంతా పోయింది, నువ్వొక్కడివే మిగిలావు. అంచేత తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు విజయేందర్. ఆ పేజీలో మొఖం పడితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తెలిసే నా బిడ్డను తప్పించి నిన్ను పెట్టాను. నా పేరు వద్దు, ఆర్కుట్ అని వేయండి అని బతిమాలిందీ నేనే. పొద్దున్నే నీ ఖాతా తీసేసింది, అందులో ఉన్న నిండు ఫొటో ఎవరి కంటా పడకుండా.

కవర్లో ఫొటో వెనక ఒక కాగితం ఉంది. పైన రాసినదంతా నా పేరుతో, సంతకంతో ఉంది, మేనేజర్‌కు చూపించు. అలాంటిదే ఇంకొకటి రేపు పొద్దున నా ఐడీ కార్డుతో పాటు ఎడిటర్ బల్ల మీద పెట్టి వస్తాను. క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అది నాకు తెలుసు, అందుకే అడగను.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఆ పొద్దున ఊరంతటిలో నిన్ను గుర్తుపట్టింది అల్ఫియా ఒక్కతే. పేపరు చూడగానే పోతరాజు చాచా అని చప్పట్లు కొట్టింది. తర్వాత ఫొటో మీద వేలు పెట్టి అటూ ఇటూ వెతికింది. 'మై కిదర్ హూ అబ్బా', నేనెక్కడున్నాను అని అడిగింది. పేపర్లో జాగా సరిపోలేదు బేటా అన్నాను. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అన్వరీ నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజునుంచి మా ఇంట్లో నీ పేరు ఎత్తేది పిల్ల ఒక్కతే.

ఈ ఉత్తరం అన్వరీ తెస్తుంది. వెంట అల్ఫియా కూడా వస్తుంది. ఖాకీ కవరు నువ్వు విప్పకు, దాని చేతే విప్పించు. తనెక్కడుందో చూసుకుంటుంది.